ప్రాణం లేని గీత

చనిపోయినవాడు గ్రాఫులు గీసేవాడు.

"గ్రాఫులు గీసుకునేవాణ్ని కూడా చంపుతారా సార్?" అని అడిగాడు అల్లుడు.

"గీసినన్నాళ్ళు ఎవరూ జోలికి రాలేదు. గీసినదాన్ని తేరిపార చూడటం మొదలుపెట్టాక మెట్ల మీంచి జారిపడ్డాడు," అన్నారు మామగారు. "జారిపడ్డాడని వాళ్ళంటున్నారు. మనం అనటం లేదు."

ఆ గది గొడుగులు బాగుచేసే దుకాణం పైన ఉంది. గుమ్మం మీద ఏదో బీమా ఏజెన్సీ బోర్డు. లోపల మాత్రం దేశంలోకెల్లా రహస్యమైన శాఖ. అక్కడ అసలు పేర్లు పలకటం నిషిద్ధం. చుట్టరికాలే కోడ్ పేర్లు. చీఫ్ మామగారు. టెలిఫోన్ లైన్లు చూసే ఆవిడ అత్తయ్య. గాడ్జెట్లు తయారుచేసే బట్టతల ఆసామి బావమరిది. మన ఏజెంటు అల్లుడు. ఈ వరసలు ఎవరు కలిపారో గానీ, ఇంటల్లుడికి జరగాల్సిన మర్యాదల్లో ఒక్కటీ ఇతనికి జరగలేదు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. ఉన్న చుట్టాలందరూ కోడ్ వర్డులే.

నిజం చుట్టం ఒక్క అక్క ఉండేది. శాఖలో చేరిన రోజున పాత పేరుతో పాటు అక్కనీ వదులుకోమన్నారు. ఆవిడకు తెలిసినంతవరకు తమ్ముడు ఓడలో ఉద్యోగానికి వెళ్ళి ఏ రేవులోనో కనపడకుండా పోయాడు. సంతకం పెట్టేటప్పుడు వయసు చిన్నది, ఉత్సాహం పెద్దది. బాధ తర్వాత మొదలైంది, ఇంకా అవలేదు.

మామగారు గోడ మీది మ్యాపు దగ్గరికి నడిచారు.

"నది ఒడ్డున రెండు దేశాలు కలిసి కట్టిన నీళ్ళ ప్లాంటు. నీళ్ళు శుద్ధి చేయడానికి పెద్ద క్లోరిన్ ట్యాంకు ఉంది. దాంట్లో ప్రెషర్ ఎంతుందో కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్ తెర మీద గీతలా కనిపిస్తూ ఉంటుంది. ఇప్పుడు పోయింది ఆ గీత గీసే ప్రోగ్రామ్ రాసినవాడే. పోయే ముందు అత్తయ్యకి ఫోన్ చేసి ఒక్క ముక్క అన్నాడు."

"ఏమని?"

"గీతకి ప్రాణం లేదు, అని."

"అంటే?"

"అది కనుక్కోవడానికే నువ్వు. వచ్చే నెల ఆ ప్లాంటు ఆవరణలోనే రెండు దేశాలూ నీళ్ళ ఒప్పందం మీద సంతకాలు పెడతాయి. స్కూలు పిల్లలు జెండాలు ఊపుతారు. ఆ రోజు ట్యాంకు పేలిందనుకో. ఆ విషవాయువులో పిల్లలు పోతారు. మీరంటే మీరని రెండు దేశాలూ కొట్టుకుంటాయి. కొట్టుకుంటే లాభం కత్తెరకి."

కత్తెర అంటే ఒక విదేశీ ముఠా. ఎక్కడ ఏ రెండు దేశాలు చెయ్యి కలిపినా అక్కడ ప్రత్యక్షమవుతుంది. దాని ఆయుధాల వ్యాపారం అలాంటిది.

"నా కవర్?"

"కొత్త ప్రోగ్రామర్."

"నాకు ప్రోగ్రామింగ్ రాదు సార్."

"వంట మాత్రం వచ్చా? పోయినసారి హోటల్లో హెడ్ కుక్‌గా మూడు నెలలున్నావు."

"కస్టమర్లు మానేశారు సార్."

"దేశం నిలబడింది కదా," అన్నారు మామగారు. "అక్కడ మనకో డబుల్ ఏజెంట్ ఉంది. కోడ్ పేరు మరదలు. ప్లాంటుకి విదేశీ కన్సల్టెంటు. కత్తెర దగ్గరా జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది."

"పని ఎవరికి చేస్తుంది?"

"అది తెలిస్తే ఎప్పుడో ఒక జీతం ఆపేసేవాణ్ని."

*

బావమరిది పాఠాలు మొదలుపెట్టాడు. కంప్యూటర్ తెర మీద ఒక ఖాళీ విండో తెరిచాడు.

"ఇదొక కాగితం అనుకో బావా. కాకపోతే తిక్క కాగితం. స్కూల్లో గ్రాఫుకి సున్నా కింద మూల ఉంటుంది. ఇక్కడ సున్నా పైన, ఎడమ మూల. కిందికి దిగేకొద్దీ అంకె పెరుగుతుంది. చెప్పాను, గుర్తుంచుకో."

అల్లుడు గుర్తుంచుకోలేదు. అతను గీసిన మొదటి చార్టులో నిలువు కడ్డీలన్నీ పై అంచు పట్టుకుని గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడాయి. గుండ్రటి చార్టు గీస్తే ఆఖరి ముక్క మొదటి ముక్క మీదెక్కి కూర్చుంది. చుక్కలు కలిపి గీత లాగితే అది విండో అంచు దాటి ఎటో వెళ్ళిపోయింది. బావమరిది నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. అయినా మనవాడు మొండివాడు. విండో ఎత్తులోంచి విలువ తీసేసి గీయాలని ఒంటపట్టించుకున్నాడు. వారం తిరిగేసరికి కడ్డీలు నేల మీద నిలబడ్డాయి, గీత దారిలో పడింది.

"ఇప్పుడు అసలు సంగతి," అంటూ బావమరిది ఇంకో చిన్న విండో తెచ్చి చార్టు మీదుగా జరిపి పక్కకి తీసేశాడు. అది వెళ్ళిన మేరా చార్టు తుడిచిపెట్టుకుపోయింది.

"ఇదేంటి, చెరిగిపోయింది?"

"విండోకి జ్ఞాపకం ఉండదు బావా. ముఖ్యంగా మనలాంటి పాత కంప్యూటర్లలో. మీద ఏదైనా వచ్చి పోయిందంటే అక్కడ ఏముండేదో దానికి తెలీదు. 'మళ్ళీ గియ్యి' అని నీ ప్రోగ్రామ్‌ని పిలుస్తుంది. ఆ పిలుపుని పెయింట్ అంటారు. నువ్వేమో ఒకసారి గీసేసి చేతులు దులుపుకున్నావు. అలా కాదు. అంకెలన్నీ వరసగా దాచుకోవాలి. గీసే కోడ్ పెయింట్‌లో పెట్టాలి. పిలిచినప్పుడల్లా ఉన్నదున్నట్టు మళ్ళీ గియ్యాలి. కొత్తగా చేయి పెట్టినవాడెవడైనా బోర్లాపడేది ఇక్కడే."

అల్లుడు ఆ ఖాళీ జాగా వంక కాసేపు చూశాడు. ఒక ఊళ్ళో కొన్నాళ్ళుండటం, పని అవగానే ఆ మనిషిని చెరిపేసుకుని ఇంకో ఊళ్ళో ఇంకో మనిషిగా మొదలుపెట్టటం. అతని బతుకూ ఇదే వరస. కాకపోతే 'మళ్ళీ గియ్యి' అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

బయల్దేరే రోజు గాడ్జెట్లు అందాయి. మత్తు సూది దూసుకొచ్చే పెన్ను, బెల్టు బకిల్‌లో ట్రాన్స్‌మిటర్, చెప్పు మడమలో కెమెరా. మూడూ ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు లాకర్లో పెట్టి టోకెన్ చేతికిచ్చాడు. లోపలికి లోహపు వస్తువులు తీసుకెళ్ళకూడదట. మిగిలింది టెలిఫోన్‌కి తగిలించే నల్ల డబ్బా ఒక్కటే, అది అద్దెగదిలో ఉంది.

*

ప్లాంటు ఇన్‌ఛార్జి ఇంజనీరు గుండ్రటి మనిషి, నవ్వు ముఖం. భుజానికెప్పుడూ టిఫిన్ సంచీ.

"రండి రండి ప్రోగ్రామర్ గారూ. పాతాయన పాపం మంచివాడు. మెట్లు చూసుకోలేదు," అని నిట్టూర్చాడు. "మీకు మా దగ్గర కష్టమేం ఉండదు. గీత ఒక్కటి చాలు. అంకెలు వద్దు. అంకెలు చూస్తే మా ఆపరేటర్ కంగారుపడతాడు."

కంట్రోల్ రూమ్‌లో ఒక పాత కంప్యూటర్, దాని పైన గోడకి ఒక బోర్డు. 'ఈ కంప్యూటర్‌లో వేరే విండో తెరవరాదు. ఇన్‌ఛార్జి ఉత్తర్వు.' కాస్త క్రమశిక్షణ గల ఆఫీసే అనుకున్నాడు అల్లుడు.

అతను ప్రోగ్రామ్ రాశాడు. ట్యాంకు నుంచి వచ్చే ప్రెషర్ విలువల్ని వరసలో దాచాడు. పెయింట్‌లో వాటిని నీలం గీతగా గీశాడు. పైన ఎర్ర గీత, ప్రమాదం హద్దు. అది దాటితే ట్యాంకు ఆగదు.

పని తేలికే. కష్టమంతా మిగతా వేళల్లో. ఆపరేటర్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తల మాత్రం ఊపేవాడు. క్యాంటీన్‌లో అల్లుడు కూర్చున్న బల్ల దగ్గర మిగతా కుర్చీల్ని జనం పక్క బల్లలకి లాక్కుపోయేవాళ్ళు. అద్దెగదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గ్లాసు. రెండో గ్లాసు కొందామని ఒకసారి దుకాణం దాకా వెళ్ళి, ఎవరికోసమని వెనక్కి వచ్చేశాడు. సెలవు రోజున చొక్కా ఉతుక్కుని అది ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవాడు.

అందుకే ఆ గీత అతనికి తోడైంది. రోజంతా దాన్నే చూసేవాడు. పంపు మొదలవగానే అది చిన్నగా ఉలిక్కిపడుతుంది. ఎండ ట్యాంకు మీదికి వచ్చేకొద్దీ మెల్లగా పైకి పాకుతుంది. మబ్బు పడితే కిందికి జారుతుంది. సాయంత్రం నెమ్మదిస్తుంది. ఇంట్లో మనిషి నడక చప్పుడు గుర్తుపట్టినట్టు అతను దాని నడక గుర్తుపట్టేవాడు. ఆఫీసు వదిలేటప్పుడు "వస్తానే" అని కూడా అన్నాడొకసారి. ఆపరేటర్ ఇయర్‌ఫోన్ ఒకటి తీసి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు.

సాయంత్రం అత్తయ్య ఫోన్ వచ్చేది. నల్ల డబ్బా ఆ లైన్ మీదే రహస్యంగా రిపోర్టు పంపేది. అది వెళ్ళేంతసేపూ పైకి మామూలు మాటలు నడవాలి, ఎవరైనా వింటే అనుమానం రాకూడదు. డబ్బా బీప్ అనగానే, మాట మధ్యలో ఉన్నా సరే, అత్తయ్య లైన్ కట్ చేయాలి. రూలు.

"ఏం బాబూ, ఎలా ఉన్నావ్? ఏదో ఒకటి మాట్లాడు."

ఏం మాట్లాడతాడు? చెప్పకూడనివి తీసేస్తే అతని దగ్గర మిగిలింది చిన్నతనం ఒక్కటే. అదే చెప్పేవాడు.

"మా అక్క నాకు సైకిల్ నేర్పింది అత్తయ్యా. వెనకాల సీటు పట్టుకుని పరిగెత్తుకొచ్చేది. ఒకరోజు పట్టుకునే ఉందనుకుని నేను తొక్కుతూనే ఉన్నాను. తిరిగి చూస్తే అక్క ఎక్కడో దూరంగా, నడుం మీద చేతులు వేసుకుని నవ్వుతోంది. ఇక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ముందు చూద్దును కదా, ఎదురుగా..."

బీప్. లైన్ కట్.

ఎన్ని సాయంత్రాలో అలా. తెగిన చెప్పు కథ సగంలో ఆగింది. బడి నుంచి ఎవరిదో కోటు వేసుకొచ్చిన కథ గుమ్మం దాటలేదు. రిసీవర్ పెట్టేశాక మిగతా సగం అతను గోడకి చెప్పుకునేవాడు. తర్వాత్తర్వాత అదీ మానేశాడు.

*

మరదలు ఒక మధ్యాహ్నం వచ్చింది. ఎత్తు మడమల చెప్పులు, నల్ల కళ్ళద్దాలు, ముదురు ఎరుపు కోటు. కారిడార్‌లో ఫైళ్ళు మోస్తున్నవాళ్ళు గోడకి తగిలారు.

అల్లుడు కోడ్ వాక్యం అన్నాడు. "గ్రాఫుకి ఏ రంగు బాగుంటుందండీ?"

"ఆకాశానికి వేయగా మిగిలింది," అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించి, "మీ ఆఫీసులో నన్ను మరదలంటారట?" అంది.

"నన్ను అల్లుడంటారు."

"అయితే బావగారన్నమాట. ఒక్కరే ఉంటున్నారా?"

ఆ ప్రశ్న ఏజెంట్ వేసిందో, మనిషి వేసిందో అతనికి తెలియలేదు. "ఊఁ" అన్నాడు.

"నేనూ అంతే. రెండు వైపులా పని చేస్తే రెండు వైపులా మనుషులుంటారనుకున్నాను," అని ఆమె నవ్వింది. నల్ల కళ్ళద్దాల వెనక ఆ నవ్వు ఎంతవరకు నిజమో కనిపించలేదు. "కబురు ఉంటే చెబుతాను. అందాకా గీతలు గీసుకోండి."

ఆ సాయంత్రం అతను ఎప్పటికన్నా నెమ్మదిగా ఇంటికి నడిచాడు. ఒక మనిషి తనని ఒక ప్రశ్న అడిగినందుకే ఇంత సంతోషమా అని తనమీద తనకే జాలేసింది.

*

ఒప్పందం రోజు రానే వచ్చింది. ఉదయమే ఆవరణలో వేదిక, కుర్చీలు, మైకులు. పిల్లలు బస్సులు దిగి వరస కడుతున్నారు. ఆపరేటర్‌ని ఇన్‌ఛార్జి ముందే పంపేశాడు, "వెళ్ళి ముందు వరసలో కూర్చో, టీవీలో పడతావ్" అని.

అల్లుడు కంట్రోల్ రూమ్‌లోకి వచ్చేసరికి ఇన్‌ఛార్జి బయటికి వెళ్తున్నాడు.

"ఏమీ అనుకోకండి ప్రోగ్రామర్ గారూ, మీ కోడ్‌లో మా వాళ్ళతో చిన్న మార్పు చేయించాను. నీలం కాస్త దిగులుగా ఉంది. ఆకుపచ్చ చేయించా. పెద్దవాళ్ళొస్తున్నారు కదా!"

నిజమే. తెర మీద గీత ఆకుపచ్చగా ఉంది. మధ్యలో, క్షేమంగా, కొద్దికొద్దిగా వణుకుతూ నడుస్తోంది.

వెనకాలే మరదలు వచ్చింది. ఊపిరి ఆడటం లేదు ఆమెకి.

"బాంబు వేదిక కింద, పూలకుండీలో. నాకిప్పుడే తెలిసింది. ఇక్కడేం చేస్తున్నారు? పరిగెత్తండి!"

అల్లుడు తలుపు దాకా పరిగెత్తాడు. అక్కడ ఆగిపోయాడు. కిటికీలోంచి ఎండ కళ్ళలో పడింది. మబ్బు తునక లేదు. ట్యాంకు పొద్దుట్నుంచీ ఎండలో ఉంది. ఇంతలో కింద పంపు గుర్రుమని మొదలైంది, నేల అదిరింది.

తెర మీద గీత పాకలేదు. ఉలిక్కిపడలేదు. వణుకుతోంది, అంతే, ఎవరో నేర్పిన వణుకు.

గీతకి ప్రాణం లేదు.

మెట్ల మీంచి పడ్డవాడు చెప్పిన మాటకి అర్థం ఇప్పుడు తెలిసింది. అప్పుడూ ఇలాంటి దొంగ గీతే పెట్టి పరీక్షించి చూశారన్నమాట. అల్లుడు వెనక్కి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"వెళ్ళమన్నానా!" అంది మరదలు.

"ఇది నా గీత కాదండీ. పూలకుండీలో ఏమీ లేదు. నన్ను ఇక్కడి నుంచి పంపించడానికే మీకా మాట చెప్పారు. లేదా మీరే నాకు చెప్పారు."

ఆమె కోటులోంచి పిస్టల్ బయటికి వచ్చింది; కన్సల్టెంటు మేడంని గేటు దగ్గర ఎవరూ వెతకరు. "చేతులు కీబోర్డ్ మీంచి తీయండి బావగారూ. మీకేం కాదు. వాళ్ళు నాతో చెప్పారు. చిన్న లీకు, అంతే. జనం దగ్గుతారు, కార్యక్రమం ఆగిపోతుంది, ఒప్పందం వాయిదా పడుతుంది. ఎవరూ చావరు."

"ఎవరూ చావరు," అన్నాడు ఇన్‌ఛార్జి గుమ్మంలోంచి. టిఫిన్ సంచీ భుజానే ఉంది. నవ్వు ముఖం అలాగే ఉంది. "ఈయనొక్కడు తప్ప. కానీయండి మేడం, టైమవుతోంది."

అల్లుడు చేతులు ఎత్తాడు. భయం వేసింది. ఈ ఉద్యోగంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలా అవుతుందని తెలుసు. తెలియనిదల్లా, ఆ నిమిషంలో ఎవరికి కబురు పోతుందా అని ఆలోచిస్తే ఒక్క ముఖమూ తట్టకపోవడం.

"ఒక్క కోరిక," అన్నాడు. "ఇన్నాళ్ళు చూసుకున్న గీత. పోయే ముందు కాస్త దగ్గర్నుంచి చూసుకుంటాను."

"పిచ్చి మాలోకం," అని ఇన్‌ఛార్జి నవ్వాడు. "చూసుకోండి."

అల్లుడు ముందుకు వంగాడు. వంగుతూ కీబోర్డ్ మూలనున్న ఒక మీట నొక్కాడు. తెర మీద, గీతకి సరిగ్గా అడ్డంగా, చిన్న కాలిక్యులేటర్ తెరుచుకుంది. ప్రతి కంప్యూటర్‌లోనూ ఊరికే వచ్చే కాలిక్యులేటర్.

"ఏయ్!" ఇన్‌ఛార్జి గొంతు పగిలింది. "వేరే విండో తెరవకూడదు! బోర్డు కనపడలేదా? ముట్టుకోకు దాన్ని! కాల్చండి మేడం, కాల్చండి!"

మరదలు కాల్చలేదు. తల తిప్పి ఇన్‌ఛార్జి వంక చూసింది. తుపాకీ పక్కనుండగా, నవ్వుతూ మనుషుల్ని చంపించేవాడు, ఒక కాలిక్యులేటర్‌ని చూసి చెమటలు కక్కుతున్నాడు.

"జరపండి," అంది అల్లుడితో.

అతను మౌస్ పట్టుకుని కాలిక్యులేటర్‌ని మెల్లగా పక్కకి లాగాడు. విండో ఎప్పట్లాగే మరిచిపోయింది. మరిచిపోయి, ఎప్పట్లాగే 'మళ్ళీ గియ్యి' అని పిలిచింది. కాలిక్యులేటర్ తప్పుకున్న మేరా ఆకుపచ్చ గీత చెరిగిపోయింది. దాని చోట నీలం గీత వచ్చింది. మధ్యలో కాదు. పైన, ఎర్ర హద్దు కిందుగా, నిటారుగా ఎక్కుతూ.

"వీళ్ళు దొంగ గీతని తెర మీద నేరుగా గీస్తున్నారు," అన్నాడు అల్లుడు. "పెయింట్ జోలికి వెళ్ళలేదు. అక్కడ నా కోడ్ అలాగే ఉంది, నిజం అంకెలతో. కొత్తగా చేయి పెట్టినవాళ్ళు బోర్లాపడే చోటే వీళ్ళూ పడ్డారు. ఇది చిన్న లీకు కాదండీ. ట్యాంకు పేలబోతోంది."

మరదలు ముఖంలో రంగు పోయింది. పిస్టల్ గురి మారింది.

"ఆ సంచీ తెరవండి ఇన్‌ఛార్జి గారూ."

"టిఫిన్ అండీ..."

"తెరవండి."

సంచీలో గ్యాస్ మాస్కు ఉంది. ఒక్కటే ఉంది.

"మరి నాది?" అంది ఆమె.

ఇన్‌ఛార్జి నవ్వటానికి ప్రయత్నించాడు. ఆమె పిస్టల్ పిడితో కణత మీద ఒక్కటిచ్చింది. మనిషి సంచీతో సహా నేల కరిచాడు.

గోడ వారగా ఎమర్జెన్సీ వాల్వు చక్రం ఉంది. అది తిప్పితే ట్యాంకులో ప్రెషర్ పక్కనున్న, విషవాయువుని మింగేసే సున్నపు నీళ్ళ తొట్టెలోకి దిగిపోతుంది. చక్రానికి గొలుసు, గొలుసుకి తాళం. మరదలు తాళాన్ని కాల్చింది. అల్లుడు చక్రం పట్టుకుని వేలాడాడు. కదల్లేదు.

"ఎంతవరకు వచ్చిందో చూడండి!" అని అరిచాడు.

తెర అంచున దొంగ ప్రోగ్రామ్ ఆకుపచ్చ గీతని మళ్ళీ గీసుకుంటూ పోతోంది. ఆమె ఒక చేత్తో పిస్టల్, ఒక చేత్తో మౌస్ పట్టుకుని, బల్ల తుడిచే గుడ్డలా కాలిక్యులేటర్‌ని దాని మీద అటూ ఇటూ రుద్దింది. రుద్దిన ప్రతిసారీ నిజం కనిపించింది.

"ఎక్కుతోంది! ఇంకా ఎక్కుతోంది!"

బయట బ్యాండు మొదలైంది. మైకులో ఎవరో పిల్లల్ని జెండాలు ఎత్తమంటున్నారు. అల్లుడు కాలు గోడకి తన్ని, ఒళ్ళంతా బిగబట్టి లాగాడు. అరచేతుల తోలు ఊడింది. చక్రం కీచుమని ఒక్క మెట్టు తిరిగింది.

"ఎర్ర గీతకి తగిలింది బావా!"

ఇంకో మెట్టు. ఇంకోటి. ఆపైన చక్రం దానంతటదే వదులై గిర్రున తిరిగింది. గోడ వెనక పెద్ద నిట్టూర్పు లాంటి చప్పుడు.

మరదలు కాలిక్యులేటర్‌ని మరోసారి జరిపింది. మళ్ళీ జరిపింది.

"దిగుతోంది," అంది చివరికి, నేల మీద కూలబడి.

బయట సంతకాలు జరుగుతున్నాయి. చప్పట్లు వినిపించాయి. తమకేం తప్పిందో తెలియని చప్పట్లు. అల్లుడికి ఆ చప్పుడు హాయిగా ఉంది.

*

ఫోటోగ్రాఫర్ వేషంలో ఉన్న మామగారు మెడలో కెమెరాతో పైకి వచ్చి, ఇన్‌ఛార్జిని దగ్గరుండి వెనక గేటు గుండా పంపించారు.

"గాడ్జెట్ ఏది పనికొచ్చింది? బావమరిది అడుగుతాడు."

"కాలిక్యులేటర్ సార్."

"వాడు తయారుచేశాడా?"

"కాదు సార్. ఊరికే వచ్చేది."

"అది వాడికి చెప్పకు," అన్నారు మామగారు.

మరదలు కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఈ రోజుతో నాకు ఒకే జీతం," అని చెయ్యి చాపింది. అల్లుడు తోలు ఊడిన చెయ్యి అందించాడు. పేరు అడుగుదామనుకున్నాడు. అడిగినా కొత్త కోడ్ పేరే చెబుతుందని ఊరుకున్నాడు. కారిడార్‌లో ఆమె మడమల చప్పుడు చివరిదాకా విన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు, అతనూ పిలవలేదు.

కంట్రోల్ రూమ్‌లో దొంగ కోడ్ తీసేసి, గీతకి నీలం రంగు తిరిగి వేసి, పక్కన అంకెలు కూడా పెట్టాడు. "వస్తానే" అన్నాడు. ఈసారి వినడానికి ఆపరేటర్ కూడా లేడు.

సాయంత్రం అద్దెగదిలో పెట్టె సర్దుకున్నాడు. నల్ల డబ్బాని మామగారు పట్టుకుపోయారు. రిపోర్టు లేదు, పంపేదేమీ లేదు. రేపు ఇంకో ఊరు, ఇంకో మనిషి. ఉన్న ఒక్క గ్లాసు కడిగి బోర్లించాడు.

ఫోన్ మోగింది.

"బాబూ, నేను, అత్తయ్యని."

"డబ్బా లేదు అత్తయ్యా. మిషన్ అయిపోయింది. మీకు చెప్పలేదా?"

"చెప్పారు. డబ్బా లేదని తెలిసే చేశాను. ఇది మా ఇంటి ఫోన్. బీప్ గీప్ ఏమీ రాదు. అన్నీ సగం సగం చెప్పి ఊరుకున్నావు. ఆ తెగిన చెప్పు ఏమైందో తెలీదు. ఆ కోటు ఎవరిదో తెలీదు. అన్నిటికన్నా ఆ సైకిలు! మీ అక్క వదిలేసింది, నువ్వు తొక్కుతున్నావు, ముందు చూశావు, ఎదురుగా... అక్కడ ఆగిపోయింది. అప్పట్నుంచీ నాకు సరిగ్గా నిద్ర లేదు బాబూ. ఎదురుగా ఏముంది?"

అన్నీ గుర్తుపెట్టుకున్న మనిషి ఒకరున్నారన్నమాట. అల్లుడికి ఏడుపొచ్చింది. రిసీవర్ కాస్త దూరంగా పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. ఉన్న ఒక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పోలీస్ స్టేషన్ గోడ అత్తయ్యా."

"అయ్యో! గుద్దేశావా?"

"గుద్దేశానండీ. ప్రభుత్వంతో నా మొదటి పరిచయం అదే."